వైరస్ రక్త నమూనాల భద్రత: విజయవాడ, కృష్ణా డెల్టా

విజయవాడ సూర్యారావుపేట, గవర్నర్‌పేట ల్యాబులకు డెల్టా ఊళ్ల నుంచి రక్తం ట్యూబులు వస్తుంటాయి. దేనిలో ఏ వైరస్ ఉందో పరీక్ష ముగిసేదాకా తెలియదు. చీటీ మీద ఏమి రాసి ఉన్నా ప్రతి ట్యూబునూ అంటురక్తంగానే పట్టుకోవాలన్న నియమం అందుకే పుట్టింది. ఎబోలా, నిపా అనుమానం వస్తే నమూనాలు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్తాయి. అక్కడి బీఎస్‌ఎల్-4 (అత్యున్నత జీవభద్రతా స్థాయి) ప్రయోగశాల 2012 డిసెంబరులో ప్రారంభమైంది. ఇక్కడి టెక్నీషియన్‌కు నిత్యం ఎదురయ్యేవి మాత్రం హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ.

వీటిలో ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్ బికే. టీకా వేసుకోని వ్యక్తికి వైరస్ ఉన్న సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెచ్‌ఐవీకి సుమారు 0.3 శాతం. హెపటైటిస్ సికి పాత పుస్తకాలు 1.8 శాతం అంటాయి, ఇటీవలి లెక్కలు 0.2 దగ్గర నిలుస్తున్నాయి. రెండోదే నమ్మదగినదిగా కనిపిస్తుంది. బల్లమీద ఎండిన రక్తపు చుక్కలో హెపటైటిస్ బి వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దీనికి టీకా ఉంది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వాక్-బి, దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా. మూడు డోసులూ పూర్తికాని వారిని రక్తం తీసే బల్ల దగ్గర కూర్చోబెట్టడం తప్పు.

ఒలికిన రక్తంపై పోసే సోడియం హైపోక్లోరైట్ గాఢత విషయంలో అంకెలు కలవవు. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో 10 శాతం అని ఉండగా 2018 సవరణ దాన్ని 1–2 శాతానికి దించింది. ఎంత గాఢత కలిపినా ఎండకూ వేడికీ ఆ ద్రావణం బలం తగ్గిపోతుంది. రోహిణి కార్తె నాటి బెజవాడలో పూటపూటకూ కొత్తగా కలుపుకోవడమే మేలు.

సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబు పగిలితే మిషను ఆపి, తుంపర అణిగేలా అరగంట మూత తీయకూడదు.

సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు; సబ్బునీళ్లతో కడగాలి. హెచ్‌ఐవీ నివారణ మందు రెండు గంటల్లోపు మొదలైతే మంచిది. 72 గంటలు దాటకూడదు. కోర్సు 28 రోజులు. ప్రమాదం ఉన్న పనిచోట ఈ మందునూ రక్షణ సామగ్రినీ యజమానే సమకూర్చాలని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సందులోని చిన్న కలెక్షన్ సెంటరుకూ ఇదే వర్తిస్తుంది.