బాగుచేయించుకొను హక్కు

నాగలి కఱ్ఱు అరిగినచో మన పూర్వులు తమ కిష్టమైన కమ్మరి యొద్దకుఁ గొనిపోవుచుండిరి. నేఁటి యంత్రముల తీరు వేఱు. విడిభాగములును, మరమ్మతు విధానమును దెలుపు పుస్తకమును, లోపమును గనిపెట్టు సాధనమును తయారీదారు చేతిలోనే యుండుటచే, కొన్నవాఁడు యజమానుఁ డయ్యును పరాధీనుఁ డగుచున్నాఁడు.

ఈ చిక్కును విప్పుటకై అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము 2012లో మోటారుకార్ల విషయమునను, కొలరాడో రాష్ట్రము 2023లో సేద్యపు యంత్రముల విషయమునను శాసనములు చేసెను. బట్టలుతుకు యంత్రము, సెల్‌ఫోను మున్నగువానిని బాగుచేయుట యెంత సులభమో పదింటికి మార్కులు వేసి చూపవలెనని ఫ్రాన్సు 2021లో విధించెను. ఐరోపా సమాఖ్య 2024లో తన రాజ్యముల కన్నింటికిని మరమ్మతు హక్కును గూర్చి యాదేశ మొసఁగెను.

మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో నొక సంఘమును నియమించెను. సేద్యపు యంత్రములు, సెల్‌ఫోన్లు, గృహోపకరణములు, వాహనములు దాని పరిశీలనకు వచ్చెను. ఆ డిసెంబరులోనే తయారీదారుల మరమ్మతు వివరములను ఒకచోటఁ జూపు వెబ్‌సైటు వెలసెను. 2025లో మఱియొక సంఘము మార్కుల పద్ధతిని సిఫారసు చేసెను.

ఇవి మేలైన యడుగులే. కాని వివరము చెప్పుమని కోరుట వేఱు, విడిభాగము నిచ్చి తీరవలెనని శాసించుట వేఱు. కోతల దినములలో యంత్రము నిలిచిపోయిన రైతునకు ఊరి మేస్త్రియే దిక్కు. ఆ మేస్త్రి చేతికి భాగము నందించు శాసనము వచ్చిననాఁడే యీ హక్కు మన పొలము గట్టునకుఁ జేరును.