తరిమెనయు అంకుడుకఱ్ఱయు

పటముల చట్రములకు మూలలను 45 డిగ్రీల కోణమునఁ గోయుటకు సీమ వడ్రంగులు గాడులుగల కఱ్ఱపెట్టెను వాడుదురు. రంపము గాడి దాటిపోదు గనుక చేతి తప్పు కోఁతకు సోకదు. తరిమెనకట్టి కాపు లేదు.

వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారు అంకుడుకఱ్ఱను వాడుదురు. అది తూర్పుకనుమల యడవులది, మెత్తనిది, నునుపైనది. ఒకప్పుడు త్రాటితోఁ ద్రిప్పెడి తరిమెనకు నేఁడు విద్యుత్తు చేరినది గాని, ఉలి పట్టుటలో మార్పు లేదు. తిరుగుచున్న కఱ్ఱకు లక్కకడ్డీ నొత్తిపట్టఁగా ఒరపిడి వేఁడికే లక్క కరఁగి యంటుకొనును. అప్పుడు నిప్పుతోఁ బనిలేదు. భరిణె మూత వెండ్రుకవాసి వదులైనను కుంకుమ రాలును. అది సరిపడినదో లేదో వ్రేలికొనయే చెప్పవలెను.

రసాయనపు రంగులు చౌకగా దొరకుటతో చెట్టురంగుల విద్య మూలఁబడెను. పసిపిల్లలు నోటఁ బెట్టుకొను బొమ్మకు అట్టి రంగేల? 1990 తరువాత సి.వి. రాజుగారు పసుపు, నీలి, జాబరాగింజల రంగులను మరల వాడుకలోనికిఁ దెచ్చిరి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపును, 2023లో ఆయనకుఁ బద్మశ్రీయు లభించెను.

ఇఁక మిగిలినది అడవి మాట. అంకుడు నఱికిన మోడునుండి మరల చిగిర్చు చెట్టు. వేళ్లతోఁ బెకలించినచో మాత్రము తరిమెనకుఁ బని యుండదు.