గ్రాహకం

‘రిసెప్టర్’కు మన జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు గ్రాహకం. ధాతువు గ్రహ్, అంటే పట్టుకోవడం. వేదభాషలో దాని రూపం గ్రభ్. పాణిగ్రహణంలో పట్టేది చేయి. గ్రహణంలో రాహువు పట్టేది సూర్యచంద్రులను. సంస్కృతంలో ఉన్న పట్టు చాలదన్నట్టు మనం ‘గ్రహణం పట్టింది’ అంటాం, కాసేపటికి ‘విడిచింది’ అంటాం.

ఈ మాట బజారుకూ వెళ్లింది. హిందీలో గ్రాహక్ అంటే సరుకు కొనేవాడు, మరాఠీలో గిర్హాయిక్. కన్నడంలో గిరాకి అన్నా కొనేవాడే. మన గిరాకి వీళ్లకు చుట్టం.

లాటిన్ రిసెప్టర్‌లో దాగిన ‘కాపెరే’కు కూడా పట్టుకోవడమనే అర్థం. అయితే గ్రహ్‌కు ఇంకో మెట్టుంది. ‘విషయం గ్రహించాడు’ అంటే తెలుసుకున్నాడని. ‘విద్య పట్టుబడింది’ అన్నప్పుడు అచ్చతెలుగు కూడా అదే దారి పట్టింది. కణంలోని గ్రాహకం హార్మోన్‌ను పట్టుకుని ఊరుకోదు, అది తెచ్చిన కబురును కణానికి తెలియజేస్తుంది. అందుకే నాకు రిసెప్టర్ కంటే గ్రాహకమే నిండుగా కనిపిస్తుంది.

పట్టుబడే హార్మోన్ సంగతీ చూడాలి. 1905లో లండన్ ఉపన్యాసాల్లో శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ ఈ పేరు వాడాడు. మూలం ‘కదిలించు, పురికొల్పు’ అనే గ్రీకు క్రియ. సంస్కృత సకారం ఉన్నచోట గ్రీకులో తరచు హకారం వినిపిస్తుంది: సప్తకు హెప్టా, సర్పానికి హెర్పెటాన్. ఆ లెక్కన ఈ గ్రీకు మాటను మన ‘సృ’ ధాతువుతో కలిపిన భాషావేత్తలున్నారు. సరిత్తు, ప్రసారం, చివరికి సంసారం కూడా ఆ ధాతువు సంతానమే. ఇటు పట్టు, అటు పరుగు!

ఈ రెండూ కలిసే చోట్లలో ఒకటి మెదడులోని హిప్పోక్యాంపస్. అక్కడి నాడీకణాల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కోసం రెండు గ్రాహకాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని పేరు మినరలోకార్టికాయిడ్ గ్రాహకం. మూత్రపిండంలో ఉప్పును కాపాడే పని వల్ల వచ్చిన పేరది. రెండోది గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం, పేరు గ్లూకోజు వల్ల వచ్చింది. హిప్పోక్యాంపస్‌లో మొదటిదానికి ఉప్పుతో పనిలేదు. పని మారినా పేరు మారలేదు, ఇంటిపేర్లలాగే.

మొదటిదాని పట్టు రెండోదానికంటే సుమారు 10 రెట్లు గట్టిది. ఎలుక మెదడులో ఈ తేడాను 1985లో పరిశోధకులు రోయిల్, డి క్లోట్ చూపించారు. కార్టిసాల్ కొద్దిగా ఉన్నా మొదటిది చాలావరకు నిండిపోతుంది, కణాన్ని చురుగ్గా, సిద్ధంగా ఉంచుతుంది. ఒత్తిడిలో హార్మోన్ పోటెత్తినప్పుడు రెండోది నిండుతుంది. దాని ప్రభావం నిదానంగా మొదలవుతుంది. కణంలోకి కాల్షియం ప్రవాహం పెరుగుతుంది, ఆ వెంట కణం వరసగా సంకేతాలు వెలువరించడం తగ్గుతుంది. దీనికి మన భాషలో సరైన మాట నిగ్రహం.

హార్మోన్ పట్టిన గ్రాహకాలు కేంద్రకంలోకి వెళ్లి జంటగా డీఎన్ఏపై కూర్చుంటాయి. ఒకే రకానివి రెండు కావచ్చు, చెరొక రకానివీ కావచ్చు. అవి కూర్చునే చోటు 15 అక్షరాలది: ఏజీఏఏసీఏ, మధ్యలో ఏవో మూడు, ఆపైన టీజీటీటీసీటీ. ఎదుటి పోగును వెనకనుంచి చదివితే ఇవే అక్షరాలు అదే వరసలో వస్తాయి. డీఎన్ఏ రాసిన వికటకవి ఇది.

జంట మారితే ఏ జన్యువు ఎంత పలుకుతుందో మారుతుంది. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరేచోటికి లాక్కుపోతుందని వైయాకరణులు అన్నది గుర్తొస్తుంది. అనుగ్రహం, ఆగ్రహం, విగ్రహం, సంగ్రహం: ధాతువు ఒక్కటే, ముందు చేరినదాన్ని బట్టి దయ, కోపం, ప్రతిమ, కూర్పు. కార్టిసాల్ కూడా అంతే. దాన్ని ఎవరు పట్టారు, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి కణానికి అర్థం తెలుస్తుంది.

తెలుగులో జీవశాస్త్రం రాసేవారికి ఒక మనవి. రిసెప్టర్ అని రాసినా తప్పులేదు. కానీ కనీసం ఒక్కసారైనా పక్కన గ్రాహకం అని రాయండి. నిగ్రహం, ఆగ్రహం తెలిసిన పిల్లవాడికి ఆ మాట సగం పాఠం ముందే చెప్పేస్తుంది.