కొండ మీద ట్రాక్టరు, లాన్ మీద మోవరు

హైదరాబాదు టోలిచౌకిలో ట్రాక్టరు మెకానిక్కునని చెబితే ఇవాళ ఎవరూ నమ్మరు. మండీ హోటళ్లు, పాత కార్ల బేరగాళ్లు, నెత్తి మీద ఫ్లైఓవరు. ఈ సందట్లో ట్రాక్టరుకు చోటెక్కడ అంటారు. నేను తెనాలి అవతలి పల్లె నుంచి వచ్చి ఇక్కడి షెడ్డులో కుదురుకున్నది 1980ల మొదట్లో. అప్పటికి గోల్కొండ నయా ఖిలా గోడల లోపల ఇంకా పొలాలు దున్నేవారు. అయినా మాకు అన్నం పెట్టింది ఆ పొలాలు కాదు, పైనున్న కొండ.

జూబ్లీహిల్స్ కథ చెప్పేవాళ్లు స్టూడియోల గురించి చెబుతారు, హీరోల బంగళాల గురించి చెబుతారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు 22 ఎకరాల రాళ్లగుట్టలో అన్నపూర్ణ స్టూడియో పెట్టడం, తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు రావడం, మద్రాసు నుంచి పరిశ్రమ మెల్లగా తరలడం, ఫిలింనగర్‌లో ఇళ్లు లేవడం అందరికీ తెలిసిన వరసే. ఆ గుట్టను ఇళ్ల స్థలంగా మార్చిన యంత్రం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అది వెనక కంప్రెషరు కట్టుకున్న ట్రాక్టరు.

హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గునపాలకు లొంగే రాయి కాదు. ట్రాక్టరు ఇంజను బలంతో కంప్రెషరు గాలిని కుదిస్తుంది. రబ్బరు గొట్టం చివరనున్న జాక్‌హామర్ బండకు బెజ్జం వేస్తుంది. అందులో మందు కూరి పేలుస్తారు. పగిలిన రాయిని వడ్డెర పనివాళ్లు సుత్తెలతో సైజుకు కొడితే, పాలమూరు కూలీలు ట్రాలీకెత్తేవారు. తెలంగాణ పల్లెల్లో బావులు లోతు చేయడానికి తిరిగిన బండే నగరంలో పునాదుల పనికి దిగింది.

కృష్ణా డెల్టాలో ట్రాక్టరుకు శత్రువు బురద. దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలు మడిలో కూరుకుపోతాయి. సీలు అరిగి ఉంటే నీళ్లు లోపలికి దూరి గేరుబాక్సు నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. నేను పని నేర్చింది ఆ రోగాల మీద. ఇక్కడికి వచ్చాక చూస్తే శత్రువు దుమ్ము. అప్పటి బండ్లకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు ఉండేది. అడుగు గిన్నెలో ఇంజనాయిలు, పైన తీగల జాలీ. ఇంజను పీల్చే గాలి ఆ నూనెను తాకి దుమ్మును అక్కడే వదిలి లోపలికి పోవాలి. బండ కొట్టే చోట సాయంత్రానికల్లా గిన్నెలో నూనె ముద్దయ్యేది. డ్రైవరు బద్ధకించాడా, రాతిపొడి సిలిండర్‌లోకి చేరి లైనర్లనూ రింగులనూ అరగదీసేది. పొగ నీలంగా వచ్చేది, బండి నూనె తాగేది, పొద్దున స్టార్టు కావడానికి మారాం చేసేది. మా ఉస్తాద్ డిప్‌స్టిక్ నూనెను రెండు వేళ్ల మధ్య రుద్దేవాడు. గరుకు తగిలితే ఇంకేమీ చూడకుండా, "హెడ్ దించరా ఛోటా" అనేవాడు.

దుమ్ముకంటే ప్రమాదం వాలు. ట్రాక్టరుకు కుడికాలి దగ్గర రెండు బ్రేకు పెడళ్లుంటాయి, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. గట్టు దగ్గర బండిని ఉన్నచోటే తిప్పడానికి పొలంలో విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కేముందు రెంటినీ కలిపి కొక్కెం వేయాలి. వేయకుండా రాయి నింపిన ట్రాలీతో కొండ దిగుతూ ఒక పెడలే తొక్కితే బండి ఆ పక్కకు గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు మరీ మొండివాళ్లు. గేరులో ఉంటే ఇంజనే సగం బ్రేకు. న్యూట్రల్‌లో ఆ సగమూ పోతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండేవి కావు. మా షెడ్డుకు తాళ్లతో ఈడ్చుకొచ్చిన బండ్లలో ముందు ఇరుసు విరిగినవే ఎక్కువ. వేసవిలో నీళ్ల ట్యాంకర్లదీ ఇదే బాధ. నిండు ట్యాంకరు బరువెక్కువే గానీ నమ్మకస్తురాలు. సగం ఖాళీ అయింది మాత్రం మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు తోసి ట్రాక్టరును కూడా లాక్కుపోతుంది.

ఈ బండ్లు వచ్చిన దారి కూడా చెప్పాలి. మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులో బయటికొచ్చిన ఐషర్. గాలితో చల్లబడే ఇంజను, రేడియేటరే లేదు. 1960లో మద్రాసులో టాఫె మొదలై మాసీ ఫెర్గూసన్లు చేసింది. 1963లో మహీంద్రావాళ్లు ఇంటర్నేషనల్ కంపెనీతో కలిసి బి-275కి దిగారు. 1971లో పింజోర్‌లో హెచ్ఎంటీ చెకోస్లొవేకియా జెటర్‌ను మన దేశంలో తయారుచేయడం మొదలెట్టింది. 1974లో పంజాబు నుంచి స్వరాజ్ వచ్చింది. మెకానిక్కుకు ఈ చరిత్రంతా పానాల పెట్టెలో కనిపిస్తుంది. మాసీకి ఇంచి సైజు పానాలు కావాలి, జెటర్‌కు మిల్లీమీటర్లవి. ఒకదాని పానాతో ఇంకోదాని బోల్టు విప్పబోతే మూలలు అరిగి బోల్టు గుండ్రమవుతుంది, ఆపైన ఉలి పట్టాల్సిందే. మాసీ లోపల మద్రాసు సింప్సన్ వాళ్లు చేసిన మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజను. అంత ఓర్పున్న ఇంజనును నేను మళ్లీ చూడలేదు. కొత్తవాళ్లు నాతో ఒప్పుకోరు, నాకేం పట్టదు.

కొండ మీద ఇళ్లు నిండాక కంప్రెషరు బండ్లు తగ్గాయి, లాన్లు మొదలయ్యాయి. గడ్డి కోసే మోవరు మాకు కొత్త. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనేవాడు బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డికి మిషను చేశాడు. సుడి తిరిగిన బ్లేళ్ల డోలు, దాని కింద కదలని ఒక కత్తి. రెండూ కత్తెరలా కలిస్తేనే గడ్డి తెగుతుంది. ఫిలింనగర్ బంగళాల తోటమాలులు తోసుకొచ్చిన మిషన్లలో సగానికి రోగం లేనేలేదు, బ్లేడుకూ కత్తికీ మధ్య సందు పెరిగిందంతే. కాగితం ముక్క ఆ సందులో పెట్టి డోలు చేత్తో తిప్పితే కాగితం తెగాలి, నలగకూడదు. డోలు పొడవునా నాలుగు చోట్ల చూసి మరలు బిగిస్తే పని అయిపోయినట్టే. ఆ బిగింపు నేర్చుకున్న తోటమాలి మళ్లీ మా గడప తొక్కేవాడు కాదు. ఉస్తాద్‌కు అది నచ్చేది కాదు, అయినా నేర్పేవాణ్ని.

అసలు మలుపు 1996లో వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చి 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. అపార్టుమెంట్లకు వీలుకాని ఆ నేల ఫామ్‌హౌస్‌లకు పనికొచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల దారిలో మర్రిచెట్ల వెనక మామిడితోటలు, ఎకరాలకొద్దీ పచ్చిక, ఒక మూల షెడ్డులో కొత్త ట్రాక్టరు. సినిమావాళ్లు, డాక్టర్లు, రియల్ ఎస్టేటువాళ్లు, అందరూ కొన్నారు. 2022లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలు సడలించారు గానీ అప్పటికి నా బ్యాగు పాతికేళ్లుగా ఆ రోడ్డు మీదే తిరుగుతోంది.

అక్కడి రోగాలే వేరు. పని ఎక్కువై చెడిన బండ్లను చూసిన నాకు పని లేక చెడే బండ్లు తగిలాయి. నెలల తరబడి కదలని బండిలో బ్యాటరీ ప్లేట్లకు సల్ఫేటు పడుతుంది. సగం నిండిన డీజిలు ట్యాంకులో వానాకాలం తేమ నీరై అడుగుకు దిగుతుంది. ఫిల్టరు గిన్నె కింది మర విప్పి ఆ నీళ్లు వదలకపోతే నోజళ్లు పోతాయి. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అంటుకుపోయి గేరు పడదు. మోవరు కార్బురేటరులో పాత పెట్రోలు జిగురై జెట్టును మూసేస్తుంది. సీటు కింద ఎలుకలు గూడు కట్టి వైర్లు కొరుకుతాయి. యజమాని ఆదివారం అతిథులతో దిగి, తాళంచెవి తిప్పి, "కొత్త బండి, కంపెనీ మోసం చేసింది" అంటాడు. కంపెనీ పాపమేమీ లేదు. వారానికోసారి అరగంట నడిపితే ఇందులో చాలావరకు రానే రావు. వానాకాలం షెడ్డులో ఉంచేటప్పుడు క్లచ్ పెడల్‌ను కిందికి నొక్కి చెక్కముక్క ఆనించి పెడితే ప్లేటు అంటుకోదు. తోట చూసుకునే కాపరికి ఇవి చెప్పే తీరిక యజమానులకు ఉండదు, నేనే చెప్పి వస్తాను.

ఒకసారి షూటింగుకు పాత మాసీ కావాలన్నారు. హీరో తాళం తిప్పగానే గుర్రున లేవాలి. బ్యాటరీ ఆ రోజే చచ్చింది. గుట్ట వాలులో పెట్టి, రెండో గేరులో క్లచ్ నొక్కించి, కెమెరాకు అందని వెనక వైపు నుంచి నలుగురం తోశాం. తెర మీద హీరో బాగానే స్టార్టు చేశాడు.

పొలం తెలియని చేతుల్లో బండి పడ్డాక చావులూ చూశాను. బురదలో దిగబడిన ట్రాక్టరును ఇంకో ట్రాక్టరుతో లాగేటప్పుడు గొలుసును కింది డ్రాబారుకు కాక పైన ఇరుసుకు కడితే లాగే బండి ముందు చక్రాలు లేచి, డ్రైవరు క్లచ్ తొక్కేలోపే బండి వెనక్కి తిరగబడుతుంది. రోటావేటరు లాంటి పనిముట్లకు ఇంజను బలం అందించే వెనక పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. తువ్వాలు కొసో, చీరకొంగో దానికి తగిలితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. కంపెనీ ఆ షాఫ్టుకు తొడుగు ఇస్తుంది. గ్రీజు పెట్టడానికి అడ్డమని మొదటి వారంలోనే విప్పి పారేస్తారు. ఈ ఆదివారం మీ తోటకు వెళ్లినప్పుడు ఆ తొడుగు ఉందో లేదో చూడండి. లేకపోతే బిగించేదాకా రోటావేటరు నడపనివ్వకండి. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. మోవరు కింద చెయ్యి పెట్టేముందు స్పార్కు ప్లగ్ వైరు పీకండి.