థింగ్‌వెల్లిర్‌లో కాసేపు ఆగండి

ఐస్‌లాండ్ వస్తామన్న బంధువులంతా మొదట అడిగేది ఉత్తర కాంతుల గురించే. ఆ తరవాత జలపాతాలు, వేడినీటి ఊటలు. అన్నీ చూడాల్సినవే. కానీ థింగ్‌వెల్లిర్ దగ్గర మాత్రం నేను ఎవరినీ తొందరగా కదలనివ్వను.

రాజధాని రేక్యావిక్ నుంచి కారులో ముప్పావు గంట. ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు ఎడం జరుగుతుంటే, మధ్యలో నేల కుంగి ఏర్పడిన లోయ ఇది. సముద్రం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు 930లో తమ సభ ఆల్థింగిని ఈ లోయలోనే పెట్టుకున్నారు. రాజు లేడు, కోట లేదు, సభకు పైకప్పయినా లేదు. ఏటా వేసవిలో గుర్రాల మీద వచ్చి చేరేవారు. తొలిరోజుల్లో చట్టాలు రాతలో లేవు. వాటిని కంఠస్థం చేసిన పెద్ద ఒకాయన ఏడాదికి మూడో వంతు చొప్పున, మూడేళ్లలో మొత్తం సభకు వినిపించేవాడు. వేదాన్ని తరతరాలుగా నోటితోనే నిలుపుకున్న నేల నుంచి వచ్చినవాళ్లం కదా, ఆ పెద్దమనిషి మనకు పరాయివాడనిపించడు. క్రైస్తవం పుచ్చుకోవాలా వద్దా అన్న తగువు సుమారు 1000లో యుద్ధం లేకుండా తెగిందీ ఇక్కడే. తరవాతి శతాబ్దాల్లో నేరం మోపి ఆడవాళ్లను ముంచి చంపిన మడుగు కూడా ఇక్కడే ఉంది. దాన్ని చూడకుండా దాటిపోవద్దు.

ఈ నేల మనుషుల్ని బతకనిచ్చింది, చంపింది కూడా. 1783 జూన్‌లో లాకి దగ్గర భూమి పగిలి ఎనిమిది నెలలు లావా కక్కింది. ఫ్లోరిన్ పట్టిన గడ్డి మేసి గొర్రెలూ పశువులూ చచ్చాయి. వెంట వచ్చిన కరువులో జనంలో సుమారు ఐదో వంతు పోయారు. ఆ లావాపై పరుచుకున్న నాచును దయచేసి తొక్కకండి. మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

గుల్‌ఫాస్ జలపాతానికి ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని 20వ శతాబ్దం మొదట్లో పెట్టుబడిదారులు చూశారు. ఆ దాపునే ఉన్న రైతు కూతురు సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్ ఒప్పుకోలేదు. వంద కిలోమీటర్లకు పైగా నడిచి రాజధానికి వెళ్లి పోరాడింది. కోర్టులో నెగ్గలేదు గానీ పథకం ఆగిపోయింది. ఆమె తరఫు వకీలు స్వేన్ బ్యోర్న్‌సన్, 1944 జూన్ 17న డెన్మార్క్ రాజు నుంచి విడివడ్డ కొత్త రిపబ్లిక్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆయన్ను ఎన్నుకున్నది థింగ్‌వెల్లిర్‌లోనే. గుల్‌ఫాస్‌కు చట్టరక్షణ మాత్రం 1979లో గానీ రాలేదు.