చేని గట్టు - ప్రజల సొమ్ము

కంచె చేను మేసినదను సామెత మన యిండ్లలో నెల్లరకు దెలిసినదే. కాని నేడు పల్లెలకు బోయి చూచినచో, దానికి దలక్రిందుగా చేనే కంచెను మేయుచున్నట్లు గాన్పించును. ఏటేట నాగలి యొక జానెడు గట్టులోనికి జరుగుచుండెడిది. ట్రాక్టరు వచ్చిన పిదప మూరెడు జరుగుచున్నది. తాతలు పేర్చిన రాళ్లు ఇంటి పునాదులకును బాటలకును దరలిపోవుచున్నవి. తుదకు ఇరుగుపొరుగు రైతుల నడుమ గట్టు తగవు మిగులును గాని గట్టు మిగులదు. ఇట్టి గట్టును నిలుపుటకు ప్రజల సొమ్ము వెచ్చింపవచ్చునా, వెచ్చించినచో నెట్లు వెచ్చింపవలెను అను ప్రశ్నకు మన చరిత్రయే కొంత సమాధానము చెప్పగలదని మా నమ్మకము.

ఇబ్రహీంపట్నము చుట్టునున్న పల్లెలు దక్కను పీఠభూమిలోనివి. క్రింద గ్రానైటు శిల, పైన పలుచని యెఱ్ఱ చెల్క. జడివాన కురిసినప్పుడు వాలు నేలలోని మెత్తని మన్ను నీటితో పాటు జారిపోవును. దీని నెఱిగియే మన పూర్వులు చేనిలోని రాళ్ల నేరి వాలున కడ్డముగా బేర్చిరి. ఆ గట్టునకు సున్నము లేదు, అడుసు లేదు. రాతికి రాయి యానుకొని నిలుచును. సందులగుండ నీరు మెల్లగా దిగిపోవును, మన్ను వెనుక నిలిచిపోవును. దానిపై తంగేడును సీతాఫలమును మొలచి, వేళ్లతో రాళ్లను బిగించి, పిట్టలకును తేనెటీగలకును నెలవగును.

గట్టు తెగినచో ఆ మన్ను ఎక్కడకు బోవును? వాగులో బడి చెఱువు చేరును. ఇబ్రహీంపట్నపు పెద్ద చెఱువు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (1550-1580) కాలము నాటిదని ప్రసిద్ధి. ఊరి పేరును ఆతని పేరే. అట్టి చెఱువుల కట్టలను గూర్చి మనము గొప్పగా చెప్పుకొందుము. కాని కట్ట క్రింది పంటకు కట్ట యెంతో, కట్టలోని నీటికి పైనున్న చేని గట్టు అంత. రెండును ఒక్క పనికి రెండు కొసలు.

ఇట్టి పనులకు రాజుల సొమ్ము వెచ్చించుట మన దేశమున క్రొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు అచట చెఱువు కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది పని చేసిరనియు, రాళ్లు తెచ్చుటకు నూఱు బండ్లు నడచెననియు ఆ శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములలో చేరువ రాతిగని యొకటి. రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట చెఱువునకు దోషమట! ఈ మాట మిక్కిలి యాలోచింపదగినది. పొలిమేరలోనిది ఇద్దఱిదియు నగును, ఎవ్వరిదియు గాకపోవును. చేని గట్టు ఎల్లప్పుడును పొలిమేరలోనే యుండును. కనుకనే అది యొక్క రైతు శక్తికి వదలదగినది కాదు. ఊరి యందఱ బాధ్యతయు, ప్రజల సొమ్మును దానికి వలయును.

కట్టించుట ఒక యెత్తు, నిలుపుట మఱియొక యెత్తు. దీనికై యేర్పడినదే దశబంధము. చెఱువు కట్టినవానికో బాగుచేసినవానికో కొంత భూమి మాన్యముగా నిచ్చి, ఏటేట మరమ్మతు చేయుచుండవలెనను నియమము పెట్టుచుండిరి. సొమ్ము ఒక్కమాఱు చేతిలో బోసి మఱచుట గాక, రక్షణ జరిగినంత కాలము ఫలము ముట్టుచుండుట ఇందలి మేలు. అయినను దీనిని పొగడి యూరకుండుట న్యాయము కాదు. కాలక్రమమున మాన్యము వంశపారంపర్యపు ఆస్తి యయ్యెను. భూమి ననుభవించి చెఱువును మఱచినవారును గలరు. అంతకన్న పెద్ద లోపము వేఱొకటి. మాన్యము కట్టించినవానికి దక్కెను. రాళ్లు మోసిన వడ్డెరలకును ఇతర శ్రామికులకును దక్కినది కూలి మాత్రమే. పోరుమామిళ్ల వేయిమంది పేర్లు నేడెవ్వరికి దెలియును?

తరువాత బ్రిటిషు ప్రభుత్వము 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టమును చేసెను. బావులకును, నేల కోతను మాన్పుటకును, చేలకు ఆవరణము కట్టుటకును ఆ చట్టమున నవకాశ ముండెను. కాని అది ఋణము. పూచీ చూపగలవానికే అందునది. పేద కౌలుదారునకు దానిని పొందుట సులభము కాదు.

మన కాలమునకు వత్తము. 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద రాతి కట్టలును మట్టి గట్టులును వేయబడినవి. మొదట షెడ్యూల్డు కులములు, తెగలు మున్నగువారి భూములకే యున్న యవకాశము 2009లో చిన్న, సన్నకారు రైతులకును గలిగెను. ఇది దశబంధము చేయని మేలు: కూలికిని, పేద రైతునకును సొమ్ము నేరుగా ముట్టెను. ఐనను కొలత ప్రకారము కట్టుటకే కూలి గాని, మఱునాటి వానకు జారిన రాతిని మఱల నెత్తి పెట్టుటకు ఏటేట సొమ్ము నియమింపబడలేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర సుమారు 46 వేల చెఱువులను బాగుచేయ సంకల్పించి పూడిక తీయించెను. ఆ మన్నును రైతులు తమ ఖర్చుతో చేలకు దోలుకొనిరి. మెచ్చదగిన పనియే. కాని ఆ పూడిక యెవరి మన్ను? పై చేల గట్టులు తెగి జారిన మన్నే కదా! గట్టును విడిచి పూడిక తీయుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది.

ఇంగ్లాండు అనుభవము మనకు పాఠము కాదగును. రెండవ ప్రపంచయుద్ధానంతరము ధాన్యము పెంచు నాతురతతో అచటి ప్రభుత్వము కంచెలు పెఱికివేయుటకు రైతులకు సొమ్మిచ్చెను. ఒక తరము గడచిన పిదప, 1987 మొదలుగా, కంచెలను రాతి గోడలను కాపాడువారికి సొమ్మీయవలసి వచ్చెను. పెఱుకుటకును నాటుటకును రెండు మాఱులు చెల్లించినది ప్రజలే. అడుసు లేని రాతి గోడల నేర్పును 2018లో యునెస్కో ఎనిమిది ఐరోపా దేశముల పేర మానవజాతి వారసత్వముగా గుర్తించెను. ఆ నేర్పు మన వడ్డెరల చేతులలో లేదా?

కావున మేము కోరునది యింతియే. గట్టు నిలుపుటకు సొమ్ము ఏటేట నీయవలెను. వానకాలము పిదప గట్టు నిలిచియున్నదని గ్రామసభ చూచిన తరువాతనే యీయవలెను. దున్నువాడు కౌలుదారుడైనచో ఆతనికే యీయవలెను. రాయి యెత్తు చేతికి అందులో భాగ ముండవలెను. హైదరాబాదు పెరిగి పెరిగి యీ పల్లెల చేలను ఇండ్లస్థలములుగా మార్చుచున్న యీ దినములలో ఆలస్యము తగదు. పాఠకులలో ననేకులకు పల్లెలో చేనో, చేని వాటాయో యుండును. మీ గట్టును ఈ యేడు వెళ్లి చూడుడు. పొరుగువానితో తగవున్నచో తీర్చుకొని, జారిన రాతిని ఇరువురును గలసి మఱల బెట్టింపుడు. సర్కారును అడుగు హక్కు అప్పుడు మనకు నిండుగా గలుగును.