దత్తతకు అందని పక్షి: వన్యప్రాణి పోషణ పథకాలు – కలివికోడి చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు సమాజంలో ‘దత్తత’ వంశానికి సంబంధించిన మాట. సంతానం లేని ఇంట వంశం నిలవడానికి బిడ్డను స్వీకరించి, ఇంటిపేరును, ఆస్తిహక్కును ఇచ్చే వ్యవస్థ అది. గత కొన్ని దశాబ్దాలుగా ఈ మాట జంతు ప్రదర్శనశాలలకు కూడా చేరింది. నిర్ణీత కాలానికి ఒక జంతువు పోషణ వ్యయాన్ని భరించడాన్ని దత్తతగా వ్యవహరిస్తున్నారు. అంతరించే ప్రమాదంలో ఉన్న స్థానిక జాతుల వంశాన్ని ఈ దత్తత నిలపగలదా అన్న ప్రశ్నను కలివికోడి చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పోషణ పథకాల స్వభావం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆహార కొరత ఏర్పడినప్పుడు లండన్ జంతు ప్రదర్శనశాల తన జంతువుల పోషణకు పౌరుల సాయం కోరింది. ఆధునిక దత్తత పథకాలకు ఇది తొలి నమూనాలలో ఒకటి. 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోను, విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలోను ఇటువంటి పథకాలు అమలులో ఉన్నాయి. వ్యక్తులు, బ్యాంకులు, వ్యాపార సంస్థలు వీటిలో పాల్గొంటున్నాయి. 2020లో సందర్శకుల రాక నిలిచి ఆదాయం పడిపోయినప్పుడు ఇటువంటి విరాళాల విలువ స్పష్టమైంది.

అయితే ఈ పథకాలకు మూలం కనబడే జంతువు. దాతకు ఒక పులినో ఏనుగునో చూపించాలి. ఆవరణ వద్ద దాత పేరు పెట్టాలి. బోనులో లేని జీవికి, చూపించడానికి వీలుకాని జీవికి ఈ ఏర్పాటులో చోటు లేదు.

కలివికోడి: 1848 – 1986

కలివికోడి రాత్రివేళ సంచరించే చిట్టడవి పక్షి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ కావర్‌హిల్ జెర్డాన్ సేకరించిన నమూనా ఆధారంగా ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పెన్నా, గోదావరి లోయల్లో కొన్నిసార్లు నమోదైన ఈ పక్షి 1900 తర్వాత రికార్డుల్లో కనిపించలేదు. శాస్త్రజ్ఞులు ఇది అంతరించిందనే భావించారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అన్వేషణ చేపట్టిన భరత్ భూషణ్ స్థానిక వేటగాళ్లను, పల్లెవాసులను విచారించాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో ఐతన్న అనే పిట్టల వేటగాడు ఒక పక్షిని సజీవంగా పట్టుకున్నాడు. ఆ పక్షి తర్వాత మరణించినా జాతి ఉనికి రుజువైంది. పుస్తకాల్లో లేకుండా పోయిన పక్షికి పల్లెవాసుల నోట ‘కలివికోడి’ అన్న పేరు నిలిచే ఉండడం గమనార్హం. శాస్త్రం కోల్పోయిన ఎనభై ఆరేళ్లూ ఆ పక్షిని ఎరిగినవారు ఉన్నారన్నమాట.

వంశాన్ని నిలిపిన పోషణ

1988లో తపాలా శాఖ కలివికోడి బొమ్మతో బిళ్లను విడుదల చేసింది. దాని ఆవాసంలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ మార్గం ఈ ఆవాసానికి ముప్పుగా పరిణమించినప్పుడు పరిశోధకులు, సంరక్షణ సంస్థలు అభ్యంతరం తెలపడంతో ఆ మార్గాన్ని మార్చారు. ఈ పక్షికి అందిన అతిపెద్ద ‘పోషణ’ ఇదే. దీనికి ఏ దాత పేరూ లేదు, వ్యయం ప్రజలదే.

2000 తర్వాత జరిగిన పరిశోధనలు మరొక విషయాన్ని తేల్చాయి. పొదలు మరీ చిక్కగానో, మరీ పలుచగానో ఉన్న చోట్ల కాక, నడుమనడుమ ఖాళీ నేల ఉండే మధ్యస్థమైన చిట్టడవిలోనే కలివికోడి జాడ ఎక్కువ. పొదలు నరికితే పక్షి నిలవదు. మనుషులను, పశువులను పూర్తిగా వెళ్లగొట్టి పొదలు అల్లుకుపోనిచ్చినా నిలవకపోవచ్చు. రెవెన్యూ పరిభాషలో ఇటువంటి నేలకు ‘బంజరు’ అన్న ముద్ర సులభంగా పడుతుంది. ఆ ముద్ర పడ్డ నేలను కాపాడడానికి దాతను వెదకడం కష్టం.

ముగింపు

జంతు ప్రదర్శనశాలల దత్తత నిరుపయోగమని చెప్పడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అది బంధనంలో ఉన్న ప్రాణికి కడుపు నింపుతుంది. సందర్శకుడిలో బాధ్యతను మేల్కొలుపుతుంది. కానీ కడుపు నింపడం వేరు, వంశం నిలపడం వేరు. కలివికోడి నేటికీ అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల్లో ఒకటి. దానికి కావలసింది మేత కాదు. పొదలు, వాటి నడుమ ఖాళీ నేల, దాని అరుపును గుర్తుపట్టగల మనుషులు. స్థానిక జాతుల పేరిట విరాళం సేకరించే పథకాలు ఒక జంతువుకు బదులు ఒక చిట్టడవిని, దానిని ఎరిగిన కాపలాదారు జీతాన్ని దత్తతకు పెట్టగలిగితే ఆ మాటకు తెలుగులో ఉన్న పాత అర్థం నెరవేరుతుంది. దత్తత స్వీకరించినవారు బిడ్డకు అన్నంతో పాటు ఆస్తిలో హక్కునూ ఇస్తారు. కలివికోడికి దక్కవలసిన ఆస్తి ఆ నేలే.